జాంజిబార్ స్టోన్ టౌన్‌కు సగం రోజు సరిపోతుందా? అత్తమ్మను తీసుకుని పోతున్నాం

మిర్యాలగూడ సోషల్ టీచర్:

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా అమ్మాయి తూర్పు ఆఫ్రికాలో టాంజానియా దేశపు దీవి జాంజిబార్‌లోని ఐఐటీ మద్రాస్ క్యాంపస్‌లో చదువుతోంది. సంక్రాంతి సెలవుల్లో నేను, మా ఆయన, మా అత్తమ్మ తన దగ్గరికి పోతున్నాం. టికెట్లు తీసుకున్నాం, వీసాకు ఆన్‌లైన్‌లో పెట్టాం. ఇంకా తేలనిది అక్కడ ఏ రోజు ఏం చూడాలనేదే.

ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన ప్లాన్‌లో అన్నీ బీచ్ రిసార్టులే. స్టోన్ టౌన్ అనే పాత ఊరికి మాత్రం ఒక్క మధ్యాహ్నం. "అక్కడ సందులు తప్ప ఏమీ ఉండవు మేడమ్" అన్నాడు. నాకేమో మనసొప్పడం లేదు. వాస్కోడగామా ఆఫ్రికా చుట్టూ తిరిగి కోజికోడ్ వచ్చాడని ఏటా పిల్లలకు చెప్తాను. ఆ తీరంలో ఒక ఊరిని కళ్లతో చూసే అవకాశం వచ్చినప్పుడు దాన్ని ఫొటోలు దిగి వచ్చేయడానికి వాడుకోవాలని లేదు.

కాకపోతే అత్తమ్మకు 70 దగ్గర పడుతున్నాయి, మోకాళ్ల నొప్పులు. నీచు ముట్టదు, గుడ్డు కూడా తినదు. ఆమెతో ఆ సందుల్లో నడవగలమా? తిండికి ఎట్లా? బానిసల సంత జరిగిన చోటు ఒకటుందట. పెద్దావిడను అలాంటి చోటికి తీసుకుపోవచ్చా, మనసు పాడవుతుందా? పోయి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నుంగ్వి ఫ్యాన్:

మేడమ్, నేను, మా ఆవిడ పెళ్లయిన కొత్తలో పోయాం. నిజం చెప్పాలంటే మీ ఏజెంట్ చెప్పింది తప్పేం కాదు. స్టోన్ టౌన్‌లో పొద్దున దిగాం, కోట, సముద్రం ఒడ్డు, రాక్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఇల్లు చూసేసరికి ఎండ మండిపోయింది. సందుల్లో రెండుసార్లు దారి తప్పాం. ప్రతి మలుపులో ఎవరో ఒకరు వెంటపడి షాపులకు రమ్మంటారు, వాళ్లతో విసిగిపోయాం. ఉత్తరాన నుంగ్వి బీచ్ మాత్రం అద్భుతం. నీళ్లు అంత నీలంగా నేను ఎక్కడా చూడలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడకు ఇసుకలో కుర్చీ వేసి కూర్చోబెట్టడమే సుఖం అని నా అభిప్రాయం. మిగతాది మీ ఇష్టం.

దేవరకొండ సివిల్ సూపర్‌వైజర్:

టీచర్ గారూ, సగం రోజు ప్లాన్ ఒప్పుకోకండి. కనీసం రెండు రాత్రులు ఆ ఊరి లోపలే పడుకోండి. పై సోదరుడు చెప్పిన ఇబ్బందులు నిజమే. కానీ అవన్నీ ఎండ నెత్తిన పడేవేళ పోయి, మధ్యాహ్నం దాకా తిరిగి వచ్చేసేవాళ్లకు వచ్చే ఇబ్బందులు. పొద్దున ఏడింటికి, సాయంత్రం నాలుగున్నర తర్వాత అదే ఊరు వేరేగా ఉంటుంది.

నేను దార్ ఎస్ సలామ్‌లో ఒక కట్టుబడి కంపెనీలో కొన్నేళ్లు సైటు చూసుకున్నాను. అక్కడి నుంచి జాంజిబార్‌కు ఫెర్రీలో రెండు గంటలు. సెలవు దొరికితే చాలు ఎక్కేసేవాణ్ణి. బీచ్‌కు పోయింది తక్కువ. నన్ను లాగింది ఆ ఊరి గోడలు.

ముందు వాటి సంగతే చెప్తాను, ఎందుకంటే ఏ టూర్ ప్లాన్‌లోనూ అది ఉండదు. ఆ దీవి నేలలో ఎక్కువ భాగం పగడపు రాయి. ఒకప్పుడు సముద్రంలో పెరిగిన పగడం గట్టిపడి రాయి అయింది. దాన్ని తవ్వి గోడకు వాడారు. అదే రాయిని కట్టెల మంట మీద కాల్చి సున్నం చేశారు. ఆ సున్నంతోనే రాయికీ రాయికీ అతుకు, దాంతోనే పైపూత. అంటే ఇంటికి కావలసిన గోడ సామాను మొత్తం కాళ్ల కింద నేలలోంచే వచ్చింది. మన దగ్గర పాత ఖిల్లాలకు, గడీలకు గానుగలో తిప్పిన డంగు సున్నం వాడారు కదా, ఆ పని తెలిసిన మేస్త్రీ ఎవరైనా ఆ గోడ మీద చెయ్యి పెడితే వెంటనే గుర్తుపడతాడు.

కప్పుకు మడచెట్ల దుంగలు. బోరిటి అంటారు. చెదలు తొందరగా పట్టని కర్ర. కానీ దానితో ఒక చిక్కుంది. ఆ దుంగను గోడకూ గోడకూ మధ్య రెండున్నర, మూడు మీటర్లకు మించి వేయలేం. అందుకే ఎంత గొప్పవాడి ఇంట్లోకి పోయినా గది వెడల్పు అంతే, పొడుగు మాత్రం ఎంతైనా ఉంటుంది. మీరు దిగే హోటల్ కూడా ఏదో పాత ఇల్లే అయి ఉంటుంది. పడుకున్నప్పుడు పైకి చూడండి, దుంగలు వరసగా కనిపిస్తాయి. వాటి మీద పగడపు రాళ్ల ముక్కలు, సున్నం పోసి దిమ్మిస కొట్టిన కప్పు అది.

ఈ గోడలు ఇప్పుడు ఎందుకు పడిపోతున్నాయో కూడా చెప్పాలి. పగడపు రాయి తేమ పీలుస్తుంది. సున్నపు పూత ఆ తేమను మెల్లగా బయటికి వదిలేస్తుంది. తర్వాతి కాలంలో రిపేరు పేరుతో చాలా ఇళ్లకు సిమెంటు పూశారు. సిమెంటు తేమను వదలదు. నీరు లోపలే నిలిచి సున్నాన్ని తినేస్తుంది, పైన పెచ్చులు ఊడుతాయి, ఒకరోజు గోడ కూలుతుంది. మా వైపు పాత గుళ్లకు కూడా ఇదే గతి పట్టించడం చూశాను, నాకు కడుపు తరుక్కుపోతుంది. స్టోన్ టౌన్‌లో మళ్లీ సున్నంతోనే పని చేసే మేస్త్రీలు ఉన్నారు. ఎక్కడైనా పరంజీ కట్టిన ఇల్లు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. నేనైతే గంటలు నిలబడ్డాను, వాళ్లు తాపీ నా చేతికిచ్చి పూయమన్నారు కూడా.

సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద తెల్ల మేడను బైత్ అల్ అజాయిబ్ అంటారు, ఇంగ్లీషులో హౌస్ ఆఫ్ వండర్స్. అప్పట్లో దీవిని ఏలిన ఒమన్ వంశపు సుల్తాన్ బర్ఘాష్ 1883లో కట్టించాడు. ఇనుప స్తంభాలు, చుట్టూ వరండాలు. ఆ దీవిలో మొదట కరెంటు దీపాలు, లిఫ్టు వచ్చింది అందులోనే. 1896 ఆగస్టు 27న బ్రిటిష్ యుద్ధనౌకలు సుల్తాన్ ప్యాలెస్ మీద ఫిరంగులు పేల్చి గంటలోపే యుద్ధం ముగించాయి. పక్క భవనాలు నేలమట్టమైనా ఇది నిలిచింది. అంత దెబ్బకు నిలిచిన మేడ 2020 డిసెంబర్‌లో రిపేరు పనులు నడుస్తుండగా ఒక పక్క కూలింది, మనుషులు చనిపోయారు. మళ్లీ నిలబెట్టే పని చేపట్టారు. లోపలికి పంపుతున్నారా లేదా మీరు పోయినప్పుడు అక్కడ కనుక్కోండి. బయట నుంచైనా చూడండి.

ఇక దర్వాజలు. ఆ ఊళ్లో చెక్కిన దర్వాజలు వందల కొద్దీ ఉన్నాయి. ముందు ద్వారబంధం చెక్కించి నిలబెట్టి, తర్వాతే ఇల్లు మొదలుపెట్టేవాళ్లని చెప్తారు. పైన చదరంగా ఉండి ఖురాన్ వాక్యాలు చెక్కినవి ఒమన్ అరబ్బుల పద్ధతి. పైన కమానులా గుండ్రంగా ఉండేవి, చిన్న చిన్న చతురస్రాల పలకలతో మడతపెట్టే తలుపులు ఉండేవి గుజరాతీ పద్ధతి. కొన్నిటికి ఇత్తడి మొనలు ఉంటాయి. మన దేశంలో కోట తలుపులకు ఏనుగులు గుద్దకుండా పెట్టేవాళ్లు కదా, అవే. అక్కడ ఏనుగుల భయం లేదు, దర్జా కోసం పెట్టుకున్నారు. టేకు చాలావరకు మన దేశం నుంచే ఓడల్లో పోయింది. తలుపు చట్రం అడుగున చేపలు, తామరలు, అంచుల్లో గొలుసు చెక్కి ఉంటాయి. మా పెదనాన్న వడ్రంగం చేసేవాడు కాబట్టి నాకు ఆ పని మీద గౌరవం ఎక్కువ. ఉలి ఎక్కడ లోతుగా దిగిందో, ఎక్కడ తేలిగ్గా పోయిందో దగ్గరగా నిలబడితే కనిపిస్తుంది.

మీరు అడిగిన బానిసల సంత గురించి. తప్పకుండా పోండి. అత్తమ్మ వస్తానంటే తీసుకుపోండి. ఆ చోట ఇప్పుడు ఆంగ్లికన్ చర్చి ఉంది. 1873లో బ్రిటిష్‌వాళ్ల ఒత్తిడితో బర్ఘాష్ సంత మూసేశాడు. అదే సంవత్సరం అక్కడ చర్చి పని మొదలైంది. కట్టించింది బిషప్ ఎడ్వర్డ్ స్టియర్. మనుషులను కట్టేసి కొరడాతో కొట్టిన స్తంభం ఉన్న చోటే బలిపీఠం పెట్టారని చెప్తారు, నేల మీద గుండ్రటి పాలరాయి గుర్తు ఉంటుంది. చర్చి వెనక భాగంలో కొన్ని చిన్న స్తంభాలు తలకిందులుగా నిలబెట్టి ఉంటాయి. బిషప్ ఊళ్లో లేనప్పుడు పనివాళ్లు అట్లా పెట్టారట, ఆయన వచ్చాక వాటిని అలాగే ఉంచాడు.

బయట ఒక గొయ్యి, అందులో మెడలకు గొలుసులతో 5 రాతి మనుషులు. 1998లో పెట్టిన స్మారకం. పక్క భవనం కింద రెండు ఇరుకు గదులు చూపిస్తారు. కప్పు తల తగిలేంత కిందికి ఉంటుంది, మెట్లు దిగాలి, అత్తమ్మ దిగొద్దు. పైన ఎగ్జిబిషన్ ఉంది, అది చదవడానికి సమయం పెట్టుకోండి. న్యాసా సరస్సు వైపు నుంచి, లోపలి ప్రాంతాల నుంచి మనుషులను వందల మైళ్లు నడిపించి కిల్వా, బగమోయో రేవులకు తెచ్చి, అక్కడి నుంచి పడవల్లో ఈ దీవికి చేర్చారు. సంత మూశాక కూడా బానిసత్వం చట్టప్రకారం పోవడానికి 1897 దాకా పట్టింది.

మా తాత దేవరకొండ వైపు పల్లెలో గడీకి వెట్టి చేసినవాడు. దొర ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకోవాల్సిన రోజుల గురించి ఆయన చెప్తుంటే విన్నాను. రెండూ ఒకటే అని నేను అనను. వెట్టి చేసినవాడు రాత్రికి తన గుడిసెకు వచ్చేవాడు, అక్కడ మనిషికే వెల కట్టి అమ్మారు. కానీ నల్లగొండ జిల్లా వాళ్లం ఆ గది ముందు నిలబడితే అది మనకు ఎక్కడో దూరదేశపు కథలాగా అనిపించదు. మీ అత్తమ్మ వయసువాళ్లకు వెట్టి సంగతులు ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. ఆమెకు మీరు వివరించక్కర లేకుండానే అర్థమవుతుంది. మనసు బరువెక్కుతుంది, అది ఎక్కాలి కూడా.

ఇంకొకటి. ఓడరేవు దారిలో ఓల్డ్ డిస్పెన్సరీ అని చెక్క బాల్కనీలు, రంగు అద్దాలతో చాలా అందమైన భవనం ఉంది. థారియా తోపన్ అనే గుజరాతీ వ్యాపారి 1887లో పునాది వేయించాడు, ఆయన పోయాక 1894లో పూర్తయింది. మన దేశం మనిషి కట్టించాడని గర్వంగా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అదే తోపన్ టిప్పు టిప్ అనే పెద్ద వ్యాపారికి లోపలి ప్రాంతాలకు బిడారులు కట్టుకోవడానికి పెట్టుబడి పెట్టాడు. ఏనుగు దంతాలు, మనుషులు రెండూ ఆ దారిలోనే వచ్చాయి. దానికి ముందు రేవు సుంకాల వసూలు కూడా కచ్ నుంచి వచ్చిన జయరాం శివ్‌జీ సంస్థ చేతిలో ఉండేది. ఆ బాల్కనీలను మెచ్చుకోండి, చెక్కినవాడి పని అది. దాని వెనక డబ్బు ఎక్కడిదో కూడా మీ క్లాసులో చెప్పండి. మన పుస్తకాల్లో ఈ ముక్క ఉండదు.

ఆ ఊరికి 2000లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని గురించి ఇంకేం చెప్పను, బోర్డు మీద రాసే ఉంటుంది.

మహబూబ్‌నగర్ ఆడబిడ్డ, దార్ ఎస్ సలామ్:

అక్కా, మాది మహబూబ్‌నగర్ దగ్గర జడ్చర్ల. మా ఆయన ఉద్యోగం ఇక్కడే కాబట్టి దార్‌లో ఉంటాం. మా అత్తమామలు వచ్చినప్పుడు వాళ్లను స్టోన్ టౌన్‌కు నేనే తీసుకుపోయాను, తిండి సంగతి నేను చెప్తాను.

నీచు తినని వాళ్లు ఆకలితో ఉండాల్సిన పని లేదు. ఉదయం చపాతీ, మందాజి దొరుకుతాయి. మందాజి అంటే తియ్యటి పిండితో నూనెలో కాల్చినవి, ఏలకుల వాసన వస్తుంది. అన్నం, కొబ్బరిపాలలో ఉడికించిన రాజ్మా లాంటి గింజలు మహారాగే, మ్చిచా అని మన తోటకూరే, ఇవి ఎక్కడైనా ఉంటాయి. ఊళ్లో గుజరాతీల శాకాహారం కూడా దొరుకుతుంది. ఆర్డర్ చెప్పేటప్పుడు వాళ్ల స్వాహిలీ భాషలో "బిలా న్యామా, బిలా సమాకి" అనండి, మాంసం వద్దు, చేపలు వద్దు అని. గుడ్డు వద్దంటే "బిలా మయాయి".

ఉరోజో అని ఒక పులుసు ఉంది. మామిడి పులుపు, పసుపు, పైన బజ్జీలు, ఆలుగడ్డ, పచ్చడి. మా అత్తమ్మకు చాలా నచ్చింది. అందులో మాంసం ముక్కలు, గుడ్డు వేసే అలవాటుంది, గిన్నెలో పోయకముందే చెప్పాలి. సాయంత్రం కోట ఎదురుగా ఫొరొధాని పార్కులో బండ్లు పెడతారు. అక్కడ చేపలు, మాంసం ఒకే పెనం మీద కాలుస్తారు. అత్తమ్మ పట్టింపు గట్టిదైతే అక్కడ అల్లం, నిమ్మకాయ వేసి తీసే చెరుకు రసం మాత్రం తాగించండి. ఆ పార్కులో కూర్చుని, పిల్లలు గోడ మీంచి సముద్రంలోకి దూకే ఆట చూస్తే పొద్దు తెలియదు.

మెంతిపొడి, పప్పుల పొడి, ఇంట్లో చేసిన సకినాలు తెచ్చుకోండి, సంక్రాంతి కదా, అమ్మాయికి కూడా ఉంటాయి. ప్లాస్టిక్ క్యారీబ్యాగులు మాత్రం తేకండి, టాంజానియాలో 2019 నుంచి నిషేధం.

బట్టల విషయం. ఊళ్లో ఎక్కువమంది ముస్లింలే, మర్యాద ఎక్కువ. చీర, పంజాబీ డ్రెస్ వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు, పైగా ఆదరంగా పలకరిస్తారు. షికామూ అని పెద్దవాళ్లకు నమస్కారం పెడతారు, మీ అత్తమ్మకు దారిలో ప్రతి చిన్నపిల్లా చెప్తుంది, మరహబా అని బదులిస్తే సంతోషపడతారు. మనుషుల ఫొటోలు అడగకుండా తీయొద్దు. దోమలుంటాయి, మలేరియా సంగతి బయలుదేరే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. జాంజిబార్ ప్రభుత్వం 2024 అక్టోబర్ నుంచి బయటి దేశాలవాళ్లు వాళ్ల దగ్గరే ఇన్సూరెన్స్ తీసుకోవాలనే రూల్ పెట్టింది, పెద్దవాళ్లకు మనిషికి 44 డాలర్లు. ఇండియాలో తీసుకున్న ఇన్సూరెన్స్ ఉన్నా అది వేరేగా కట్టాలి. మీ ఏజెంట్ చెప్పాడో లేదో చూసుకోండి.

మిర్యాలగూడ సోషల్ టీచర్:

ఇన్సూరెన్స్ మాట ఏజెంట్ చెప్పనే లేదు. చాలా థాంక్స్ చెల్లీ. సూపర్‌వైజర్ గారు రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. వెట్టి దగ్గరికి వచ్చేసరికి ఆమె తన మేనమామ గురించి చెప్పడం మొదలుపెట్టింది, నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని మాటలు. "ఆ గొలుసుల బొమ్మల దగ్గరికి నన్ను తీసుకుపో" అంది. కాబట్టి ఆ ప్రశ్న తీరిపోయింది.

రెండు రాత్రులు ఊళ్లో ఉంటాం, రిసార్టు ఒక రాత్రి తగ్గించమన్నాను. ఇక నడక గురించే టెన్షన్. ఏది ముందు, ఏది తర్వాత పెట్టుకుంటే ఆమెకు తక్కువ శ్రమ? తాబేళ్ల దీవి కూడా చూడమని అమ్మాయి అంటోంది. లవంగాల తోట కూడా చూడాలని ఉంది. మేము 11న దిగుతున్నాం.

దేవరకొండ సివిల్ సూపర్‌వైజర్:

11న దిగుతున్నారంటే ఒక సంగతి ముందే తెలియాలి. జనవరి 12 వాళ్లకు విప్లవ దినం. 1964లో ఆ రోజే సుల్తాన్ ప్రభుత్వాన్ని కూల్చారు. సెలవు ఉంటుంది, షాపులు, మ్యూజియంలు కొన్ని మూసి ఉంటాయి. ఆ గొడవల్లో చాలామంది అరబ్బులు చనిపోయారు, అరబ్బులు, మన గుజరాతీలు చాలామంది ఊరు వదిలిపోయారు. సందుల్లో కొన్ని పెద్ద ఇళ్లు చిన్న చిన్న వాటాలుగా చీలి, రిపేరు లేకుండా కనిపిస్తాయి. సొంతదారులు వెళ్లిపోయాక వచ్చిన మార్పు అది. గైడ్ ఈ సంగతి తానుగా ఎత్తకపోతే బలవంతపెట్టి అడగకండి, కొందరి ఇళ్లలో ఇంకా ఆ గాయం ఉంది.

12న సెలవు కాబట్టి ఆ పొద్దున ఉత్తగా సందుల్లో నడవండి. షాపులు తెరవకపోతే వెంటపడేవాళ్లూ తక్కువ ఉంటారు. దర్వాజలకు అదే మంచి సమయం. మోకాళ్ల గురించి భయం వద్దు, ఊరు చదునుగా ఉంటుంది, ఎత్తుపల్లాలు లేవు. చాలా ఇళ్ల ముందు గోడ పొడుగునా రాతి అరుగులు ఉంటాయి, బరాజా అంటారు. ఎవరైనా కూర్చోవచ్చు. అత్తమ్మ ప్రతి మలుపులోనూ కూర్చుని లేవవచ్చు. అసలు కష్టం హోటల్లోనే. పాత ఇళ్ల మెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి, లిఫ్టు చాలా చోట్ల ఉండదు. ముందే ఫోన్ చేసి కింది అంతస్తులో గది ఖాయం చేసుకోండి. కారు సందుల్లోకి రాదు, కాబట్టి పెద్ద రోడ్డుకు దగ్గరున్న హోటల్ చూడండి.

సాయంత్రం ఎండ తగ్గాక సముద్రం ఒడ్డు. ఓల్డ్ డిస్పెన్సరీ, పాత ప్యాలెస్, తెల్ల మేడ, కోట, ఫొరొధాని పార్కు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. మెల్లగా నడిచినా అలసట ఉండదు. కోట ఒమన్ వాళ్లు పోర్చుగీసువాళ్లను వెళ్లగొట్టాక 17వ శతాబ్దం చివర్లో కట్టుకున్నది. లోపల నీడ ఉంటుంది, కూర్చోవచ్చు.

13న పొద్దున్నే దరాజని మార్కెట్, దాని దగ్గర్లోనే చర్చి. మార్కెట్లో చేపల, మాంసం వైపు అత్తమ్మను తిప్పకండి. నేరుగా మసాలాల వైపు పోండి. చర్చి దగ్గర తొందర పెట్టుకోవద్దు, ఆ పొద్దున మొత్తం దానికే వదిలేయండి. మధ్యాహ్నం గదిలో పడుకోండి. జనవరిలో ఎండ గట్టిగానే ఉంటుంది. మీకు పనికొచ్చే మాట, ఆ నెలల్లో ఈశాన్యం నుంచి వీచే గాలిని కస్కాజి అంటారు. తెరచాపల పడవలు మన తీరం నుంచి, అరేబియా నుంచి ఆ గాలితోనే అక్కడికి పోయేవి, ఏప్రిల్ తర్వాత గాలి తిరిగితే వెనక్కి వచ్చేవి. అంటే మీరు ఆ వ్యాపారులు దిగిన కాలంలోనే దిగుతున్నారు. పార్కు గోడ దగ్గర నిలబడి ఆ గాలి ఎటు నుంచి వస్తుందో పిల్లలకు చెప్పడానికి వీడియో తీసుకోండి.

లవంగాల తోటకు తప్పకుండా పోండి, కారు దాకా నడిస్తే చాలు, తోటలో నేల సమంగానే ఉంటుంది. మనం బగారన్నంలో వేసే లవంగం విచ్చుకోని మొగ్గ. చెట్టెక్కి గుత్తులు కోసి, ఎండబెట్టాలి. సుల్తాన్ సయ్యద్ సయీద్ మస్కట్ నుంచి రాజధానిని అక్కడికి మార్చింది 1840 ప్రాంతంలో, ఆయన కాలంలోనే తోటలు పెరిగాయి. సంతలో కొన్న మనుషుల్లో చాలామందిని ఆ తోటల్లోనే పెట్టారు. అందుకే చర్చి చూశాకే తోటకు పోండి, ముందు కాదు. వరస మారితే తోట ఉత్త పిక్నిక్ అయిపోతుంది.

తాబేళ్ల దీవికి మీరు, మీ ఆయన, అమ్మాయిలో ఇద్దరు పోయి రండి. 1919లో సీషెల్స్ నుంచి వచ్చిన పెద్ద తాబేళ్ల సంతతి, చూడవలసినవే. కానీ పడవ ఎక్కాలన్నా దిగాలన్నా మోకాలి లోతు నీళ్లలో నడవాల్సి వస్తుంది, అత్తమ్మకు వద్దు. ఆ పూట ఆమెను ఫొరొధానిలో మిగిలిన ఒకరు తోడుండి కూర్చోబెట్టండి.

గైడ్‌ను రోడ్డు మీద పట్టుకోకండి. హోటల్ వాళ్లను అడిగి, లైసెన్సు కార్డు ఉన్నవాణ్ణి, ఆ ఊళ్లో పుట్టినవాణ్ణి పెట్టుకోండి. డబ్బు, సమయం ముందే మాట్లాడుకోండి, షాపులకు తీసుకుపోవద్దని కూడా ముందే చెప్పండి. వీధిలో వెంటపడేవాళ్లకు "హపానా, అసాంతే" (వద్దు, థాంక్స్) అని నవ్వుతూ చెప్పి నడిస్తే చాలు. గవ్వలు, పగడాలు, తాబేలు చిప్పతో చేసిన వస్తువులు ఎవరు ఎంత తక్కువకు ఇస్తామన్నా కొనకండి. కొనాలంటే కంగా బట్ట కొనండి, జంటగా అమ్ముతారు, అంచు మీద ఒక సామెత అచ్చు వేసి ఉంటుంది. గైడ్‌తో చదివించుకుని నచ్చినది తీసుకోండి.

రిసార్టు తూర్పు తీరంలో అయితే సముద్రపు ఆటుపోట్ల వేళలు కనుక్కోండి. నీరు తగ్గినప్పుడు చాలా దూరం వెనక్కి పోతుంది, ఈదడానికి ఉండదు. ఆ వేళలో పాజే, జంబియాని వైపు ఆడవాళ్లు సముద్రపు నాచు సాగు చేస్తూ కనిపిస్తారు. కర్రలకు తాళ్లు కట్టి, నడుము వంచి గంటల కొద్దీ పని. అడిగి దగ్గరికి పోయి చూడవచ్చు. నుంగ్వి వైపు అయితే ఎప్పుడైనా దిగవచ్చు, సోదరుడు చెప్పింది అక్కడికి నిజం.

చివరగా, డ్రైవర్‌తో టైం మాట్లాడేటప్పుడు జాగ్రత్త. వాళ్ల లెక్క పొద్దు పొడుపు నుంచి మొదలవుతుంది. మనకు పొద్దున ఏడు అయితే వాళ్లకు ఒంటిగంట. "సా మ్‌బిలి" అంటే రెండు అని, మనకు ఎనిమిది. అమ్మాయి క్యాంపస్ నుంచి మిమ్మల్ని తీసుకురావడానికి కారు మాట్లాడితే ఫోన్‌లో గడియారం చూపించి అడగండి.

మిర్యాలగూడ సోషల్ టీచర్:

అన్నీ నోట్ చేసుకున్నాను. చర్చి తర్వాతే తోట, అది ఖాయం. హోటల్‌కు ఫోన్ చేశాను, కింద గది ఉందన్నారు. లైసెన్సు ఉన్న గైడ్‌ను వాళ్లే చూస్తామన్నారు, సున్నం పని జరిగే ఇల్లు ఏదైనా ఉంటే అటు తీసుకుపోవాలని కూడా చెప్పి పెట్టాను.